కుదురు నుంచి కొస దాకా

కత్తి అర్చన నుదుటికి ఆనిందో లేదో ఫోన్ మోగింది.

బీచుపల్లి కల్యాణకట్టలో శనివారం రద్దీ. మంగలి బాలరాజు ఆమె జుట్టంతా నీళ్లతో తడిపి, ముందుకు దువ్వి, కత్తికి కొత్త బ్లేడు బిగించాడు. పక్కనే అత్త జోగులమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో పదకొండు నెలల హరీష్. వాడి పుట్టు వెంట్రుకలు అప్పుడే తీశారు, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. ఆ వయసు పిల్లలు కత్తి కింద గుక్కపట్టి ఏడుస్తారు. హరీష్ ఏడవలేదు. తల జోగులమ్మ మోచేతి మీద ఒక పక్కకు వాలిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు.

వాడి మెడ నిలవాలనే ఈ మొక్కు. తల్లీబిడ్డలిద్దరి తలనీలాలూ ఆంజనేయస్వామికి ఇస్తామని జోగులమ్మ మొక్కుకుంది.

అర్చన తల వంచుకునే ఫోన్ స్పీకర్ నొక్కింది. వనపర్తి దవాఖానలో హరీష్‌ను చూస్తున్న పిల్లల డాక్టర్ అర్షియా గొంతు వినిపించింది.

"అర్చనా, ఎక్కడున్నవ్?"

బీచుపల్లిలో ఉన్నామనీ, బాబు వెంట్రుకలు తీయించామనీ, ఇప్పుడు తన వంతు అనీ చెప్పింది.

"లే. అక్కడి నుంచి లే. నీ తల మీద ఒక్క వెంట్రుక కూడా తీయనియ్యకు."

అర్చన తల ఎత్తింది. బాలరాజు చెయ్యి వెనక్కి తీసేలోపే బ్లేడు కొస నుదుటికి గీసుకుంది. సన్నటి రక్తపు చార కనుబొమ మీదికి జారింది.

"బాబు వెంట్రుకలు ఏం చేసిన్రు?" డాక్టర్ అడిగింది.

అర్చన మెట్ల వైపు చూసింది. జోగులమ్మ వాటిని విస్తరాకులో పెట్టి, పసుపు చల్లి, కృష్ణలో వదిలి వచ్చింది. ఆకు ఎప్పుడో కనుమరుగైంది.

"నదిల ఇడిసినం మేడం."

"అయితే ఇగ నీ జుట్టే దిక్కు. బాబు రక్తం రిపోర్టు హైదరాబాద్ నుంచి వచ్చింది. రక్తంల పాదరసం ఉన్నది. ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువున్నది. మీరు సీదా నా దగ్గరికి రాండ్రి."

ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా ఆ మాట అక్కడే నిలబడిపోయింది. పాదరసం. బడిలో సైన్సు సారు గాజు గొట్టంలో చూపించిన వెండి బొట్టు అర్చనకు గుర్తొచ్చింది. పట్టుకోబోతే ముక్కలై పారిపోయే బొట్టు. అది తన కొడుకు ఒంట్లో ఉందట.

బాలరాజు కత్తి మడిచాడు. "తల తడిపినంక లేశిపోయెటోళ్లల్ల నిన్నొక్కదాన్నే చూస్తున్ననమ్మా. పెండ్లిపీటల మీదికెళ్లి లేసినోళ్లను గూడ చూసిన గని," అన్నాడు.

జోగులమ్మకు నవ్వు రాలేదు. మొక్కిన మొక్కు సగంలో ఆపితే స్వామి ఊరుకుంటాడా అని కోడలి మీద విరుచుకుపడింది. అర్చన లేచింది. తడి జుట్టు ముడి వేసుకుని, కొడుకును భుజాన వేసుకుని, హైవే వైపు నడిచింది. ఆమెకిప్పుడు మూడో నెల. కడుపు మీద ఒక చెయ్యి దానంతట అదే ఆనింది.

భర్త మహిపాల్ హైవే పక్కన ఆటోలో ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చే లారీవాడు అక్కడ ఒక గోనె మూట దించి వెళ్తాడని పొద్దున్నే ఫోన్ వచ్చింది. పంపింది సాంసన్. అర్చన, మహిపాల్ రెండేళ్లు సముద్రం ఒడ్డున, కొత్త రేవు కట్టే పనిలో ఉన్నప్పుడు వాళ్ల పక్క గుడిసెవాడు. మూటను గుడి దగ్గరికి తేవద్దని జోగులమ్మ ముందే గట్టిగా చెప్పింది. అందుకే మహిపాల్ దాన్ని సీటు కింద తోసి, ఆటోలోనే కాపలా కూర్చున్నాడు.

సంగతి వినగానే అతను జోగులమ్మను కూడా ఎక్కించుకున్నాడు. ఆటోను వనపర్తి దారి పట్టించాడు.

*

డాక్టర్ అర్షియా అర్చన మెడ వెనక నుంచి పెన్సిలంత పాయ తీసింది. కుదురుకు ఆనించి కత్తిరించింది. కుదురు ఏదో, కొస ఏదో తారుమారు కాకుండా కుదురు వైపు ఎర్ర దారం కట్టింది. జోగులమ్మ ఆ దారం వైపే చూస్తోంది.

"వెంట్రుక నెలకు గోరంత పెరుగుతది," డాక్టర్ చెప్పింది. "తలలకెళ్లి వచ్చేటప్పుడు ఆ నెల ఒంట్ల ఏమున్నదో అదంతా ఎంబడి పట్టుకొస్తది. కుదురు కాడ ఈ నెల ఉంటది. కొసకు నాలుగైదేండ్ల కిందటిది ఉంటది. ముక్కలు ముక్కలు కోసి చూస్తే ఏ నెలల విషం ఎంతున్నదో తెలుస్తది. గుండు చేయించుకుంటే అదంతా నదిల పోతుండె."

తర్వాత గొంతు తగ్గించి, అసలు సంగతి చెప్పింది. తల్లి ఒంట్లో ఉన్న పాదరసం కడుపులో బిడ్డకు చేరుతుంది. పాల ద్వారా కూడా చేరుతుంది. పెరిగే మెదడును అది ముందు పట్టుకుంటుంది. హరీష్ మెడ నిలవకపోవడానికి గ్రహణం కారణం కాదు, గాలి సోకడమూ కాదు.

"అది ఎక్కడికెళ్లి వస్తున్నదో దొరకవట్టాలె. లేకుంటే కడుపుల ఉన్నదానికి గూడ ఇదే గతి."

జోగులమ్మ కోడలి పొట్ట వైపు చూసి చూపు తిప్పుకుంది.

డాక్టర్ ఒక్కొక్కటే అడిగింది. ఇంట్లో థర్మామీటర్ పగిలిందా? అర్చన ముఖం తెల్లబడే క్రీములు రాసుకుంటుందా? రెండింటికీ లేదన్నారు. మహిపాల్ అప్పుడు గదిలో లేడు, పిల్లవాడిని ఎత్తుకుని వరండాలో తిరుగుతున్నాడు. చేపలు తింటారా అని అడిగినప్పుడు జోగులమ్మ ముఖం చిట్లించుకుంది. ఆమె మెడలో ఆంజనేయుడి బిళ్ల ఉంది.

"మా ఇంట్ల నీసు వండం. మా ఆయన పోయినప్పటి సంది ఆ పేరు గూడ ఎత్తం."

"మరి ఈమె రోజూ ఏం తింటది?"

"ఏమున్నది, జొన్నరొట్టె, అన్నం, పప్పు, కూరగాయ. పిల్లగానికి పాలు చాలాలెనని పాలపొడి పెడుతున్న. నా చేత్తోనే పెడుత."

డాక్టర్ అవన్నీ రాసుకుంది. పాలపొడి మాట దగ్గర పెన్ను ఆగలేదు.

మహిపాల్ లోపలికి వచ్చేసరికి ఆమె చివరి మాట అంటోంది. కొన్ని నాటు మందుల్లో రసం పేరుతో పాదరసం కలుపుతారని, అలాంటివి ఏమైనా వాడారా అని. మహిపాల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. మెడ నిలవడానికని గోపాల్‌పేటలో యునానీ మందులమ్మే అబ్దుల్ ఖాదర్ దగ్గర తైలం, లేహ్యం తెచ్చింది తనే. పిల్లవాడిని భార్య చేతిలో పెట్టి, ఎవరు పిలిచినా వినకుండా వెళ్లిపోయాడు.

*

అబ్దుల్ ఖాదర్ దుకాణంలో తేనె సీసాకు మూత బిగిస్తున్నాడు. మహిపాల్ వచ్చీ రావడంతోనే కాలర్ పట్టుకున్నాడు. నా కొడుక్కు ఏం తినిపించినవ్ అని అడిగిన గొంతుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు.

ముసలాయన విదిలించుకోలేదు. "ముందు అంగి ఇడువు బేటా. ఇస్త్రీ చేయించి పొద్దుగాలనే తొడిగిన."

చెయ్యి వదులయ్యాక ఆయన సంగతంతా విన్నాడు. పాదరసం మాట దగ్గర ముఖంలో రంగు మారింది.

"రసం కలిపెటోళ్లు ఉన్నరు. లేరని అనను. నేను కలపను, మా అబ్బాజాన్ గూడ కలపలే. నా మాట నువ్వు నమ్మకు. పరీక్ష చేయించు."

తర్వాత ఆయన చేసిన పని చూసి మహిపాల్ బిత్తరపోయాడు. ఖాదర్ ప్రతి డబ్బా తెరిచి చెంచాడు చొప్పున కాగితాల్లో పొట్లం కట్టాడు, దుకాణం షట్టర్ దించాడు, సంచి పట్టుకుని మహిపాల్ ఆటోలో తనే ఎక్కి కూర్చున్నాడు.

"పోనియ్. నాది తప్పయితే నా కాలర్ మల్ల పట్టుకో. కాకపోతే పిల్లగాడు మంచిగైనంక నాకొక అంగి కుట్టియ్యాలె."

*

హైదరాబాద్ ల్యాబు నుంచి ఫలితాలు వచ్చిన రోజు డాక్టర్ అర్షియా ముగ్గురినీ పిలిపించింది. తలుపు వేసింది. ఖాదర్ పొట్లాల్లో ఏమీ లేదని ముందే చెప్పింది. మహిపాల్ తల దించుకున్నాడు.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి ఉంది. దాని మీద ఒక పొడుగు గీత, గీత వెంట నల్లటి చుక్కలు. ఒక చివర ఎర్ర దారం అతికించి ఉంది.

"ఈ కొస మీరు సముద్రం కాడికి పోకముందుది. ఇక్కడ ఏం లేదు. ఇది మీరు అక్కడ ఉన్న రెండేండ్లు."

చుక్కలు నెమ్మదిగా పైకి లేచాయి. అక్కడ ఏముండేదని డాక్టర్ అడిగింది. రేవు పక్కన ఉప్పుటేరు ఉండేదనీ, దాని ఎగువన ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉండేదనీ, దాని కాలువ ఏట్లోనే కలిసేదనీ మహిపాల్ చెప్పాడు. ఏట్లో పట్టిన చేపలే అక్కడందరికీ కూర.

"అనుకున్న. అయితే అది కాదు నన్ను పరేషాన్ చేసింది. ఇక్కడ చూడుండ్రి. ఇది నువ్వు కాన్పుకు ఇంటికొచ్చిన నెల. తగ్గుతున్నది. ఇది హరీష్ పుట్టిన నెల. ఇంకా తగ్గుతున్నది."

ఆమె వేలు ఆగింది.

"ఇక్కడ మల్ల లేశింది."

చుక్కలు ఒక్కసారిగా నిట్టనిలువునా ఎక్కాయి. సముద్రం దగ్గరి చుక్కలను దాటాయి. ఇంకా పైకి పోయాయి.

"సముద్రం కాడ ఉన్నప్పటికంటే రెండింతలు. మీ ఊర్లె. మీ ఇంట్ల."

బోరు నీళ్లేమో అన్నాడు మహిపాల్. ఆ నీళ్లు అందరూ తాగుతున్నారు కదా అంది డాక్టర్. అతని రక్తం, జోగులమ్మ రక్తం కూడా ఆమె అంతకుముందే పరీక్ష చేయించింది. ఇద్దరికీ ఏమీ లేదు.

"ఒక్క అర్చననే తింటున్నది. ఇంకెవ్వరూ తింటలేరు."

ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మహిపాల్ తల మెల్లగా తల్లి వైపు తిరిగింది. ఇంట్లో పొయ్యి ఆమెది. వడ్డన ఆమెది. కోడలి కంచంలో అన్నం కలిపేది ఆమె.

జోగులమ్మ కొడుకు చూపును చదివింది. ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"గట్ల చూస్తున్నవేందిరా?" అంది. "నేను పెడుతనారా విషం?"

కొడుకు చూపు తిప్పుకోలేదు. ఆ చూపే ఆమెను కొట్టింది.

డాక్టర్ బల్ల మీద వేలితో తట్టి, ముగ్గురి చూపూ కాగితం మీదికి తెచ్చింది. ఎర్ర దారానికి ఆనుకుని ఉన్న చివరి రెండు చుక్కలు. అవి కిందికి దిగుతున్నాయి.

"ఇది నాకు సమజైతలేదు. రెండు నెలల సంది తగ్గుతున్నది. అంటే ఏదో మానేసినవ్. ఏం మానేసినవ్ అర్చనా?"

"ఏం మానలే," జోగులమ్మే చెప్పింది. "కడుపుతోని ఉన్నదని ఇంకింత ఎక్కువనే పెడుతున్న. నా చేత్తోని కలిపిస్త, తిన్నదాకా చూస్త."

అర్చన కాగితం వైపే చూస్తోంది. కొడుకు ఆమె ఒళ్లో వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తున్నాడు. రెండు చుక్కలు. రెండు నెలలు. ఆమెకు తెలుసు. ఈ ప్రపంచంలో ఆమెకొక్కదానికే తెలుసు. చెబితే, రోజూ ముద్ద కలిపి పెట్టిన అత్తను రోజూ మోసం చేసినట్టు తేలుతుంది. చెప్పకపోతే కడుపులో ఉన్నది ఈ కాగితం మీద మరో గీత అవుతుంది.

"పాలపొడి," అంది.

డాక్టర్ నిట్టూర్చింది. "పాలపొడితోని ఇట్ల కాదు. డబ్బాల పాలపొడి అందరూ తాగుతరు..."

"తాగేది కాదు మేడం. అన్నంల కలుపుకొని తినేది."

పెన్ను ఆగింది.

"పాలపొడిని అన్నంల కలుపుకుంటరా?"

"పాలు పడెతందుకు పెట్టే పొడి. పాలపొడి. సొర చేపను ఎండవెట్టి దంచింది."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది.

కాన్పయ్యాక అర్చనకు పాలు పడలేదు. ఆ సంగతి విని, మా వైపు బాలింతలకు సొర పెడతామని ఫోన్లో చెప్పింది సాంసనే. అదే ఉప్పుటేటి మొగ దగ్గర పట్టి, ఎండబెట్టి, నెలనెలా లారీలో పంపిస్తున్నదీ అతనే. నీసు పేరు ఎత్తని ఇంట్లోకి ఆ మూట గడప దాటి రాదు. జోగులమ్మ స్నానానికి ముందు పశువుల కొట్టంలో కూర్చుని, ముక్కుకు కొంగు కట్టుకుని, వెల్లుల్లి, మిరియాలు వేసి దంచేది. స్వామికి చెడ్డపేరు రాకుండా దానికొక మంచి పేరు పెట్టింది. ఏడాది కిందట పెట్టిన ఆ పేరే ఇంట్లో అందరి నోటా నిలిచిపోయింది. మహిపాల్ కూడా దాన్ని చేప అనుకోవడం ఎప్పుడో మానేశాడు. అతని లెక్కలో అది మందు.

డాక్టర్ అర్షియా తన పాత కాగితాలు తిప్పింది. మొదటి రోజు తన చేతి రాతతోనే ఉంది, పాలపొడి అని. దాని పక్కన ఏమీ లేదు, ప్రశ్న గుర్తు కూడా. ఆమె కాసేపు ఆ పేజీ మూయలేకపోయింది.

తర్వాత వివరించింది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం ఏటి బురదలో కలుస్తుంది. బురదను పురుగులు తింటాయి, పురుగులను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్దవి. ఒక్కో మెట్టుకూ విషం చిక్కబడుతుంది. అన్నిటికంటే పై మెట్టు సొర. ఎండబెట్టినా, దంచినా, ఉడికించినా అది పోదు.

జోగులమ్మ తన కుడి అరచేతిని చూసుకుంటోంది. ముద్ద కలిపిన చెయ్యి.

"నా చేత్తోనే పెట్టిన," అంది. ఇందాకటి నుంచి గర్వంగా అంటున్న మాటే అది.

అమ్మా, నీకు తెల్వదు కదా అంది డాక్టర్. ఆమె వినలేదు. మనవడి మెడ నిలుస్తుందా అని అడిగింది. కసరత్తు చేయిస్తే నిలవొచ్చు, కానీ పోయిందంతా తిరిగి వస్తుందని చెప్పలేనంది డాక్టర్. కడుపులో ఉన్నదాని సంగతి అడగడానికి జోగులమ్మకు నోరు రాలేదు. అర్చనే అడిగింది.

"నెల తప్పంగనే మానేసినవ్. తగ్గుతున్నది. మాట ఇయ్యలేను. ఆశ మాత్రం ఉన్నది. ఆ రెండు చుక్కలే దానికి ఆధారం."

జోగులమ్మ కోడలి వైపు తిరిగింది. "ముద్ద నోట్లె పెట్టుకున్నట్టే పెట్టుకుంటివి. ఏం చేసినవ్?"

"నీళ్లకని లేశిపోయి మోరీల ఉమ్మేసిన అత్తమ్మా. వాసన పడలే. నువ్వు బాధపడుతవని చెప్పలే."

"రోజూ?"

"రోజూ."

జోగులమ్మ చాలాసేపు ఆమెను చూసింది.

"రోజూ నన్ను పిచ్చిదాన్ని చేసినవ్ బిడ్డా," అంది. "మంచిగ చేసినవ్."

*

దవాఖాన మెట్ల మీద నుంచే మహిపాల్ సాంసన్‌కు ఫోన్ చేశాడు. ఇంకో మూట పంపొద్దని చెప్పాలి. ఈ మధ్య సాంసన్ మాట ముద్దముద్దగా వస్తోంది. తాగుడు మొదలుపెట్టినవా అని మహిపాల్ రెండు మూడు సార్లు ఆటపట్టించాడు కూడా. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి, చుక్క ముట్టనివాడు నవ్వి ఊరుకునేవాడు.

"మూట... అందిందా బావా?" సాంసన్ అడిగాడు. ఒక్కో మాటనూ వెతికి తీస్తున్నట్టుంది. "ఈసారి పెద్ద సొర... దొరికింది. చెల్లెమ్మ కోసం... మంచి ముక్కలే ఏరాను. నా చేతులు వణుకుతున్నాయి బావా, మూట కట్టడానికే... పొద్దు పోయింది."

అది తాగుడు కాదని, ఆ విషమేనని మహిపాల్‌కు అప్పుడు అర్థమైంది. అతను మెట్టు మీద కూలబడ్డాడు. అతని ముఖం చూసి అర్చన ఫోన్ లాక్కుంది, స్పీకర్ నొక్కింది.

"అన్నా, నేను అర్చనను. వదినకు కాన్పయ్యిందా?"

"అయ్యింది చెల్లెమ్మా, పోయిన నెల... ఆడపిల్ల. పాలు పుష్కలంగా... నువ్వు తిన్నదే తనకీ పెడుతున్నాను."

అర్చన కళ్లు మూసుకుంది. వెనక నుంచి జోగులమ్మ ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

"ఫోన్ వదినకియ్యి అన్నా. ఇప్పుడే ఇయ్యి."

అవతల ఫోన్ చేతులు మారింది. కంచం చప్పుడు, దగ్గర్లోనే పసిపిల్ల ఏడుపు. బలమైన ఏడుపు. హరీష్ ఎన్నడూ అలా ఏడవలేదు.

"ఏమ్మా అర్చనా, బాగున్నావా? ఇప్పుడే అన్నానికి కూర్చున్నాను..."

"వదినా, నోట్లె ఉన్నది ఉమ్మెయ్యి," అంది అర్చన. "ముద్ద కింద పెట్టి చెయ్యి కడుక్కో. తర్వాత అంతా చెప్త. ముందుగాల చెయ్యి కడుక్కో."